గాలి పరుపు, వీల్‌చైర్ కుషన్: బాపు కోసం కొన్నాక ఎనిమిది నెలల అనుభవం

మా బాపుకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. వయసు 76, ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచేయవు. ఆస్పత్రి నుంచి హన్మకొండకు తెచ్చిన రోజే సిస్టర్ "గాలి పరుపు తీసుకోండి, లేకుంటే వీపు పుండ్లు పడతాయి" అంది. ఆ సాయంత్రమే ఎంజీఎం ఆస్పత్రి దిక్కు ఒక సర్జికల్ షాపులో 2,800 పెట్టి కొన్నాను. పరుపు మంచిదే. అయితే బాపుకు చర్మం కమిలింది మంచం మీద కాదు, కుర్చీలో. అందుకే ఇది రాస్తున్నా.

ముందు పరుపు సంగతి. బుడగలు బుడగలుగా ఉంటుంది, మోటారును మంచానికి కాళ్ల వైపు తగిలించాలి. కొన్ని బుడగల్లో గాలి నిండుతుంటే కొన్నింట్లో దిగుతుంది, కొన్ని నిమిషాలకు అవి మారిపోతాయి, దాంతో ఎముక ఉన్నచోట ఎంతసేపూ అదే ఒత్తిడి ఉండదు. ఎముకకు, పడకకు మధ్య కండ నలిగి రక్తం అందకపోతేనే కదా పుండు మొదలయ్యేది.

మేము చేసిన తప్పు ఏంటంటే, పరుపు మీద బొంత, బొంత మీద జంపఖానా పరిచాం. బాపు నలభై ఏళ్లు కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసిన మనిషి, 2018లో మన వరంగల్ జంపఖానాకు జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు వాడకట్టంతా తిరిగి చెప్పుకొచ్చాడు, తన చేత్తో నేసింది కింద లేకుంటే నిద్ర పట్టదంటాడు. కానీ అంత గట్టి నేత, దాని కింద బొంత ఉంటే గాలి పరుపు ఉన్నా లేనట్టే. ఇప్పుడు పలచటి కాటన్ దుప్పటి ఒక్కటే, ముడతల్లేకుండా. జంపఖానాను ఎదురుగా దివాన్ మీద పరిచాం, చూస్తూ పండుకుంటాడు.

ఇంకో మాట, బాపు పండుకున్నాక నడుము కింద, పరుపు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి, ఎముక చేతికి తగిలినట్టుంటే గాలి చాలట్లేదని అర్థం. కరెంటు పోతే గాలి మెల్లగా దిగిపోతుంది, మేము మోటారును ఇన్వర్టర్‌కు కలిపాం. పరుపు ఉంది కదా అని పక్క మార్చడం మానొద్దు. రెండు గంటలకోసారి తిప్పుతున్నాం, అదీ తుంటి ఎముక మీద నిలువుగా కాకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలేటట్టు. పిక్కల కింద పొడుగ్గా దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి.

ఇప్పుడు కుర్చీ. మూడో నెల నుంచి బాపు పొద్దున లేస్తే వాకిట్లో కూర్చుంటానని పట్టు, మాకూ సంతోషమే, నాలుగైదు గంటలు అట్లనే కూర్చోబెట్టేవాళ్లం. ఒకరోజు స్నానం చేయించేటప్పుడు అమ్మ చూసింది, ఎడమవైపు కూర్చునే ఎముక మీద రూపాయి బిళ్లంత మచ్చ. మన రంగుకు ఎరుపు తెలియదు, నల్లగా, చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉంది, వేలితో నొక్కి వదిలినా రంగు మారలేదు. అమ్మ కొబ్బరినూనె రాసి రుద్దబోతే ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు ఆపింది, లోపల కండ అప్పటికే దెబ్బతిని ఉంటుంది, రుద్దితే ఇంకా పాడవుతుందట.

ఆ టెన్షన్‌లో షాపుకు పరుగెత్తితే మధ్యలో బొక్క ఉన్న గుండ్రటి గాలి ట్యూబు 450కి చేతిలో పెట్టారు. దయచేసి అది కొనకండి. చుట్టూ రింగు ఒత్తి మధ్యలో చర్మానికి రక్తం అందనివ్వదు. రోజూ ఇట్లాంటి ఇళ్లవాళ్లకే అమ్మేవాళ్లు ఆ ఒక్క మాట చెప్పకపోవడం నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

ఫిజియోథెరపిస్టు బాపును కుర్చీలో కూర్చోబెట్టించి పది నిమిషాలు చూసింది. మడత వీల్‌చైర్ సీటు జోలెలాగ కిందికి వంగింది, బాపు ఎడమకు ఒరిగి బరువంతా ఒక్క ఎముక మీదే వేస్తున్నాడు, పాదాల పలకలు కిందికి ఉండటంతో కాళ్లు వేలాడి మనిషి ముందుకు జారుతున్నాడు. అట్లా జారినప్పుడు చర్మం సీటుకు అంటుకునే ఉంటుంది, లోపల ఎముక మాత్రం కదులుతుంది, ఆ లాగుడు ఒత్తిడికి తోడైతే కండ ఇంకా తొందరగా పాడవుతుందని చెప్పింది.

తర్వాత సీటు మీద ప్లైవుడ్ పలక వేసి, ఇంకో షాపులో 1,900కి తెచ్చిన నాలుగంగుళాల ఫోమ్ కుషన్ పెట్టాం. తొడలకు గాడులున్నది, మనిషి జారడు. కుషన్‌తో సీటు ఎత్తు పెరిగింది కాబట్టి తొడలు సమంగా ఆనేదాకా పాదాల పలకలను ఇంకా పైకి బిగించాం. నడుమును పూర్తిగా వెనక్కి జరిపి, ఎడమ పక్కన దిండు పెడతాం. మోకాలి వెనక, సీటు అంచుకు మధ్య రెండు వేళ్ల సందు ఉండాలట. అరగంటకోసారి "బాపూ, జర ముందుకు వంగు" అని టేబుల్ మీద మోచేతులు ఆనించి రెండు నిమిషాలు ఉంచుతాం. మచ్చ పోయేదాకా తిండి వేళ తప్ప కూర్చోబెట్టలేదు, అదీ గంట దాటకుండా. పన్నెండు రోజులకు మామూలు రంగుకు వచ్చింది.

కుషన్‌లో నాకు నచ్చనిది రెగ్జిన్ కవరు. మన ఎండాకాలంలో చెమట పట్టి చర్మం నానుతుంది, పలచటి కాటన్ తొడుగు కుట్టించాం. కొనబోయే ముందు సీటు కొలుచుకొని పోండి. మాది 18 అంగుళాలు, షాపాయన 16ది ఉంది తీసుకోమన్నాడు, ఆ సందులోకి బాపు ఎడమ తొడ జారిపోతుందని, 18ది తెప్పించేదాకా నాలుగు రోజులు ఆగాం.