పసుపు బెల్టు నాలుగు నెలలు ఆపిన క్లాసు: పర్లాకిమిడిలో పిల్లల కరాటే

మా పాపకి 9 ఏళ్లు. పర్లాకిమిడిలోనే రెండు చోట్ల కరాటే నేర్చుకుంది. ఈ రివ్యూ రెండో చోటు గురించి. కానీ మొదటి చోటు సంగతి చెప్పకపోతే దీన్ని ఎందుకింత మెచ్చుకుంటున్నానో మీకు తెలియదు.

ఆ మొదటి క్లాసు పేరు రాయను. చేరిన మూడో నెలకే గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) అన్నారు, 800 రూపాయలు కట్టాం. పిల్లలందరినీ వరసల్లో నిలబెట్టి ఓ ఇరవై నిమిషాలు గుద్దులు, తన్నులు చేయించి అందరికీ పసుపు బెల్టులు పంచేశారు. ఆ రోజు జ్వరమొచ్చి రాని పాప బెల్టు వాళ్ల అన్న చేతికిచ్చి పంపించారు. అది చూశాక నా మనసు విరిగిపోయింది. నేను ఇంట్లో బట్టలు కుడతాను. బెల్టు పట్టుకోగానే లోపల మందం గుడ్డ లేదని తెలిసిపోయింది. మొదటి ఉతుకులోనే రంగు దిగి తెల్ల డ్రెస్ నడుము చుట్టూ పసుపు చార పడింది.

ఇప్పటి క్లాసు ఒక కల్యాణమండపం వెనక హాల్లో. బోర్డు కూడా లేదు. మంగళ, గురు, శనివారాలు సాయంత్రం ఐదున్నరకి, నెలకి 500. సర్ ఒడియా ఆయన, తెలుగు చక్కగా మాట్లాడతారు. ఏ మాటైనా ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్తారు. లెక్క మాత్రం అందరికీ జపనీస్‌లోనే: ఇచి, ని, సన్, షి.

వెళ్లిన రోజే అడిగాను, "సర్, పాపకి పసుపు బెల్టు ఉంది కదా, అక్కడి నుంచే మొదలుపెడతారా?" అని. "అది ఇంట్లో దాచుకో తల్లీ, ఇక్కడ తెలుపు కట్టుకో" అన్నారు పాపతోనే. తర్వాత నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. నలుపుకి ముందు మెట్లు క్యూ. అవి 10 నుంచి 1కి దిగుతూ వస్తాయి. నలుపు తర్వాతవి దాన్, అవి 1 నుంచి పైకి. మొదటి నల్ల బెల్టుని షోదాన్ అంటారు, 'షో' అంటే ఆరంభం. ఈ దాన్ పద్ధతి జూడోలో పుట్టిందట. జూడో మొదలుపెట్టిన కానో జిగోరో 1883లో ఇద్దరు శిష్యులకి మొదట ఇచ్చారు. కరాటేలోకి 1924లో కరాటే గురువు ఫునకోషి గిచిన్ తెచ్చారు. నల్ల బెల్టు వస్తే చదువు అయిపోయినట్టనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మా సర్ దగ్గర చదువు అక్కడే మొదలవుతుంది.

గ్రేడింగ్‌లో ఒక్కొక్కరినీ విడిగా చూస్తారు. ముందు కిహోన్, అంటే విడి విడి దెబ్బలు, అడ్డాలు. తర్వాత కాతా, అంటే ఒక వరసలో చేసే కదలికలు. పసుపుకి హేయాన్ షోదాన్ అనే కాతా చెయ్యాలి (ఈ షోదాన్ నల్ల బెల్టు కాదు, కాతా పేరు). 21 కదలికలు, రెండు చోట్ల కియాయ్ కేక, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాలి. మా పాపకి వరస అంతా కంఠతా వచ్చు. అయినా మొదటిసారి ఇవ్వలేదు.

ఎందుకంటే మడమ. జెన్‌కుత్సు దాచి అనే నిలబడే తీరులో ముందు మోకాలు వంగాలి, వెనక కాలు చాపి మడమ నేలకి ఆనాలి. గుద్దుకి బలం ఆ నేల నుంచే వస్తుందంటారు సర్. నోట్‌బుక్ నుంచి ఒక కాగితం చింపి పాప వెనక మడమ కింద పెట్టి, "గుద్దు" అన్నారు. పాప గుద్దగానే కాగితం మెల్లగా లాగారు. వచ్చేసింది. "చూశావా తల్లీ, మడమ లేచింది. ఇంకా సాధన చెయ్యి." అంతే. గ్రేడింగ్ ఫీజు 400, అదీ పాసైతేనే. ఆ రోజు నా దగ్గర తీసుకోలేదు.

పాప దారంతా ఏడ్చింది. నాకూ బాధేసింది, దాచను. కానీ మర్నాటి నుంచి నేను మిషను మీద కూర్చున్నప్పుడల్లా అది వసారాలో కాగితం పెట్టుకుని, "అమ్మా, లాగు" అనేది. నాలుగు నెలలు లాగాను. రెండో గ్రేడింగ్‌లో సర్ లాగితే కాగితం సగానికి చిరిగింది గానీ బయటికి రాలేదు. ఆయన ఏమీ అనకుండా పక్క పిల్లాడి దగ్గరికి వెళ్లిపోయారు. చివర్లో పాపని పిలిచి బెల్టు నడిమి భాగం బొడ్డు మీద ఆనించి, రెండు చుట్లు తిప్పి ముడేసి, రెండు కొసలూ సమానంగా ఉన్నాయా లేదా లాగి చూశారు. ఇంటికొచ్చాక నేనూ చూశాను. లోపల గట్టి గుడ్డ, ఎనిమిది కుట్ల వరసలు. మూడు ఉతుకులకీ రంగు దిగలేదు.

లోపాలూ ఉన్నాయి. గచ్చు నేల, పరుపులు లేవు. పిల్లలు జారిపడితే మోకాళ్లు కొట్టుకుంటాయి. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది లేదు, ఇంటి నుంచే డ్రెస్ వేసి పంపాలి. కల్యాణమండపంలో పెళ్లి ఉంటే ఆ రోజు క్లాసు ఉండదు, ముహూర్తాల నెలల్లో నాలుగైదు క్లాసులు పోతాయి. ఆ రోజులకి బదులు ఆదివారం పొద్దున పెట్టమని అడిగాం, ఇంకా తేలలేదు.

డ్రెస్ కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోండి, కాటన్ ముడుచుకుంటుంది. చేతులు, కాళ్లు లోపలికి మడిచి కుడితే రెండేళ్లు వస్తుంది.

పాప ఇప్పుడు హేయాన్ నిదాన్ అనే తర్వాతి కాతా నేర్చుకుంటోంది. అందులో పక్కకి తన్నేటప్పుడు ఒంటికాలి మీద నిలబడలేక తూలుతోంది. ఈసారి గ్రేడింగ్‌కి పంపుతారో లేదో సర్ ఇంకా చెప్పలేదు.