పైన రాయిలాంటి ఐసు, కింద విరిగిన పాలు

ఒడిశాలోని బరంపురంలో మా ఇంట్లో ఉన్నది 2012 వేసవిలో కొన్న డబుల్ డోర్ ఫ్రిజ్. ఫ్రీజర్ పైన, మిగతాదంతా కింద, సుమారు 250 లీటర్లు, ఫ్రాస్ట్ ఫ్రీ రకం. కంపెనీ పేరు చెప్పను. ఆ మోడల్ ఇప్పుడు దొరకదు, పైగా నేను చెప్పేవి చాలావరకు ఈ తరహా ఫ్రిజ్‌లన్నిటికీ సరిపోతాయి. కొన్న నెలకే సమీక్ష రాసి ఉంటే రంగు బాగుంది, చప్పుడు లేదు, ఐసు త్వరగా కడుతోంది అని రాసేదాన్ని. మొదటి నెలలో ఏ ఫ్రిజ్ అయినా అంతే.

అసలు కథ ఆరో ఏట మొదలైంది. ఒక రోజు పొద్దున్నే కాఫీకి పాలు పొయ్యి మీద పెడితే విరిగిపోయాయి. ముందు రోజు రుబ్బిన ఇడ్లీ పిండి కింది అరలో పులిసి, పొంగి, గిన్నె అంచు దాటి కారింది. ఫ్రీజర్ తెరిచి చూస్తే గోపాలపూర్ నుంచి తెచ్చిన చేపలు మాత్రం కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. పిలిపించిన మెకానిక్ తలుపు తీసి, లోపల చేయి పెట్టి, అర నిమిషంలో తేల్చేశాడు: "గ్యాస్ సరిగలా, మాఉసీ." అంటే గ్యాస్ అయిపోయిందట. నింపడానికి 3,500 రూపాయలు. అత్తయ్య పక్కనుంచి, "సిలిండరు నెలకే అయిపోతుంది, ఇది ఆరేళ్లు వచ్చింది కదమ్మా" అన్నారు. ఆ లెక్క విని నేను కూడా దాదాపు ఒప్పేసుకున్నాను.

డబ్బు తీయబోయే ముందు ఇచ్ఛాపురంలో ఉన్న మా తమ్ముడికి ఫోను చేయడం మంచిదైంది. వాడికి తెలిసిన మెకానిక్‌ను కలిపాడు. ఆయన ఫోనులోనే రెండు ప్రశ్నలు అడిగాడు. "అమ్మా, పైన ఐసు గట్టిగానే ఉందా? ఫ్రీజర్‌లో ఫ్యాను చప్పుడు ఎలా ఉంది?" ఐసు గట్టిగానే ఉంది. ఫ్యాను మాత్రం వారం రోజులుగా దేనికో తగులుతున్నట్టు గరగరలాడుతోంది. "అయితే గ్యాస్ జోలికి పోకండి. అది గొట్టాల్లో మూసి ఉండే సరుకు, వాడితే తరిగేది కాదు. ఎక్కడో కారితేనే పోతుంది. పోతే పైన ఐసు కూడా సరిగా కట్టదు. ఒక రోజంతా స్విచ్ ఆపి, రెండు తలుపులూ తెరిచి పెట్టండి."

పెట్టాం. కింద పాత తువ్వాళ్లు పరిచాం. తెల్లారేసరికి అవన్నీ తడిసి ముద్దయ్యాయి. మళ్లీ వేశాక ఫ్రిజ్ కొత్తదానిలా పనిచేసింది, సరిగ్గా తొమ్మిది రోజులు. పదో రోజు మళ్లీ గరగర, మళ్లీ గోరువెచ్చని పెరుగు. అది విని ఆయన ఫోనులోనే నవ్వాడు. ఆదివారం రైల్లో వచ్చి దిగాడు.

ఫ్రీజర్‌లోని సామానంతా బకెట్లోకి తీసి, వెనక ఉన్న తెల్లటి ప్లాస్టిక్ పలక మరలు విప్పాడు. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లముందు ఉంది. పలక వెనక ఉండాల్సిన అల్యూమినియం రేకుల కాయిల్ కనబడనే లేదు. దాని స్థానంలో ఒక మంచు గోడ. పైనున్న చిన్న ఫ్యాను రెక్కలు ఆ గోడను రాసుకుంటూ ఒక చంద్రవంక చెక్కాయి. వినిపిస్తున్న గరగర అదే.

అప్పుడు ఆయన చెప్పింది వింటే ఈ యంత్రం మీద నాకున్న అభిప్రాయమే మారిపోయింది. మా ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఒక్క చోటే, ఆ పలక వెనకున్న కాయిల్ దగ్గర. కింద అరలకు సొంతంగా చలి లేదు. ఫ్యాను ఆ కాయిల్ మీదుగా గాలిని లాగి, ఎక్కువ భాగం ఫ్రీజర్‌లోకి, కొంత వెనక గొట్టం గుండా కిందికి పంపుతుంది. అంటే కింద ఉన్న పాలూ పెరుగూ పైనుంచి వచ్చే గాలి మీద బతుకుతున్నాయి. కాయిల్ మంచుతో పూడుకుపోతే గాలికి దారి ఉండదు. పైన ఐసు రాయిలా ఉండి కింద పాలు విరగడానికి కారణం అదే.

మరి ఫ్రాస్ట్ ఫ్రీ అన్నాక మంచు ఎలా పేరుకుంది? మంచు ఈ రకంలో కూడా కడుతుంది. కాకపోతే రోజుకు రెండు మూడు సార్లు కాయిల్ కిందున్న హీటరు కాసేపు వెలిగి దాన్ని కరిగిస్తుంది. కాయిల్ చల్లగా ఉంటేనే ఆ హీటరుకు కరెంటు వదిలి, వేడెక్కగానే ఆపేసే చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది, దాన్ని బైమెటల్ అంటారు. ఆయన ప్లగ్ పీకేసి, మీటరు పెట్టి చూశాడు. హీటరు బాగానే ఉంది. బైమెటల్ మంచులో కూరుకుని ఉన్నా కరెంటుకు దారి ఇవ్వడం లేదు. అంటే పోయింది. కొత్తది వేసి, కూలితో కలిపి 700 రూపాయలు తీసుకున్నాడు. రైలు ఖర్చులు ఇస్తానంటే వద్దన్నాడు, చేపల పులుసు మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు. ఆ భాగం ఇప్పటికీ పనిచేస్తోంది.

మీ ఇంట్లో ఇలా జరిగితే ఒక రోజు ఆపి మంచు కరిగించి చూడండి. కొన్నాళ్లు బాగా ఉండి మళ్లీ మొదటికి వస్తే తప్పు చాలావరకు హీటరు, బైమెటల్, హీటరును వేళకు వెలిగించే టైమరు, ఈ మూడింటిలోనే ఉంటుంది. కొత్త మోడళ్లలో టైమరు బదులు ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. మీటరు పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి. ఆ హీటరుకు వచ్చేది గోడలో ఉన్న పూర్తి కరెంటే. మంచును చాకుతో పొడవడం కూడా వద్దు. కాయిల్‌కు చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. మా ఫ్రిజ్‌లో ఉన్నది ఆర్134ఏ అనే గ్యాస్, లోపల అంటించిన చీటీ మీద రాసి ఉంది. ఇప్పుడు వచ్చే వాటిలో చాలావరకు ఆర్600ఏ, అది మండే వాయువు. వంటగదిలో మంట పెట్టి గొట్టాలు అతికించడానికి ఎవరినీ రానివ్వకండి.

గాలి సంగతి తెలిశాక నేను చేసిన పాపాలు కూడా బయటపడ్డాయి. ఫ్రీజర్ వెనక గాలి వచ్చే చీలికలకు ఆనించి బఠాణీల సంచులు కుక్కేదాన్ని. కింది భాగంలోని పై అరలో, సరిగ్గా గాలి దిగే రంధ్రం ఎదురుగా, పొడవాటి పప్పు గిన్నె. కొత్తిమీర అక్కడ పెడితే నల్లబడి గడ్డకట్టేది, ఇడ్లీ పిండి దూరంగా తలుపు పక్కన పెడితే పులిసేది. ఇప్పుడు రెండూ చోట్లు మార్చుకున్నాయి. పైనున్న మీట గురించి కూడా ఒక మాట. మా ఫ్రిజ్‌లో అది ఫ్రీజర్ చలిని పెంచే మీట అనుకుని ఆరేళ్లు చివరికి తిప్పి ఉంచాం. నిజానికి అది గాలి పంపకం మీట. పైకి ఎక్కువ ఇస్తే కిందికి తగ్గుతుంది. చలి మొత్తాన్ని నిర్ణయించే మీట కింద ఉంది. కొన్ని మోడళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది కాబట్టి పుస్తకం చూడండి. మధ్య అరలో గ్లాసెడు నీళ్లలో థర్మామీటరు వేసి రాత్రంతా వదిలితే పొద్దున 3 నుంచి 5 డిగ్రీల మధ్య చూపించాలి. ఫ్రీజర్‌లో మైనస్ 18.

కొన్న మరుసటి ఏడాదే పైలిన్ తుఫాను వచ్చింది. 2013 అక్టోబర్ 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సముద్రం మాకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. కరెంటు పోయింది, మా వీధికి చాలా రోజులు రాలేదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంచితే దాదాపు రెండు రోజులు చలి నిలుపుతుంది, కింది భాగం నాలుగు గంటలకు మించి నిలపదు. ఈ లెక్క అప్పుడు తెలియక గంటకోసారి తెరిచి చూసుకుని అన్నీ పాడు చేసుకున్నాం. ఇంకో తప్పు, ఖాళీ చేసిన ఫ్రిజ్‌ను తలుపులు మూసి వదిలేయడం. తెరిచేసరికి తలుపు రబ్బరు మడతల్లో నల్లటి బూజు. వంటసోడా నీళ్లతో మూడుసార్లు తుడిస్తే గానీ వాసన పోలేదు.

కరెంటు వచ్చాక ఇంకో భయం. వచ్చిపోయే కరెంటుకు కంప్రెసర్ మూలిగి, టక్‌మని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ మూలిగేది. ఆగిన వెంటనే మళ్లీ మొదలవ్వాలంటే గొట్టాల్లోని ఒత్తిడిని అది తోయలేదు, సర్దుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు కావాలి. వోల్టేజీ తగ్గినా అంతే. వేడెక్కకుండా ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ దాన్ని ఆపుతుంది, ఆ టక్ అదే. ఆలస్యంగా కరెంటు ఇచ్చే స్టెబిలైజరు పెట్టాక ఆ చప్పుడు మళ్లీ వినలేదు. మీ ప్రాంతంలో వోల్టేజీ నిలకడగా ఉంటే ఆ ఖర్చు అక్కర్లేదు.

మిగతావి చిన్నవి. ఫ్రిజ్ రెండు పక్కలా వేడెక్కితే కంగారు పడకండి, లోపలి వేడిని బయటికి పంపే గొట్టాలు అక్కడే ఉన్నాయి. గోడకు నాలుగు అంగుళాలు వదిలితే చాలు. తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే జారిపోకూడదు. మాది కీలు వైపు జారిపోయేది, సబ్బునీళ్లతో కడిగి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చచేసి సాగదీస్తే రబ్బరు మళ్లీ అతుక్కుంది. వానాకాలంలో ఒకసారి కూరగాయల పెట్టె కింద నీళ్లు నిలిచాయి. కరిగిన మంచునీరు కిందికి పోయే రంధ్రం గడ్డకట్టి మూసుకుపోయింది. సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు పోస్తే తెరుచుకుంది. ఆ నీళ్లు చేరే పళ్లెం వెనక, కంప్రెసర్ పైన ఉంటుంది. ఒకసారి టార్చి వేసి చూడండి. మా పళ్లెంలో దోమ పిల్లలు ఈదుతున్నాయి.

నాకు నచ్చనివీ ఉన్నాయి. కూరగాయల కోసం ప్రతిసారీ వంగాలి, అత్తయ్య మోకాళ్లకు అది శిక్ష. తలుపు అరలు రెండు విరిగాయి. ఉప్పు గాలికి కింది పాదాలు తుప్పు పట్టాయి. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను, విప్పితే లోపల అర్థమయ్యే వస్తువులే ఉన్నాయి గనుక.

అత్తయ్యకు మాత్రం ఒక కొత్త అలవాటు వచ్చింది. ఫ్రీజర్ తలుపు తీస్తే ఫ్యాను ఆగిపోతుంది కదా, ఆవిడ అంచునున్న చిన్న బొత్తాన్ని వేలితో నొక్కిపట్టి, చెవి లోపలికి పెట్టి కాసేపు వింటారు. "తిరుగుతోంది" అని చెప్పి తలుపు వేసేస్తారు.