గో భాషలో గోరొటీన్లు, చానెళ్లు: ఏళ్ల తరబడి వాడాక

బ్యాకెండ్ సర్వీసులన్నీ గోలోనే రాస్తూ ఏళ్లు గడిచాయి, అందుకే ట్యుటోరియల్స్‌లో పెద్దగా కనపడని సంగతులే రాస్తున్నాను. ఏ ఫంక్షన్ కాల్ ముందైనా ‘గో’ అని పెడితే అది మిగతా కోడ్‌తో పాటే విడిగా నడుస్తుంది, దాన్నే గోరొటీన్ అంటారు. గోరొటీన్లు ఒకదానికొకటి విలువలు పంపుకునే గొట్టం లాంటిది చానెల్. ఒక్కో గోరొటీన్ మామూలుగా 2 కేబీ స్టాక్‌తో (దాని సొంత మెమరీతో) మొదలై అవసరమైతే పెరుగుతుంది కాబట్టి వేలల్లో పెట్టినా సర్వర్‌కి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు.

తలనొప్పంతా ఆపడం దగ్గరే. గోరొటీన్‌ని బయటి నుంచి చంపే దారి లేదు, దానంతట అదే రిటర్న్ అవ్వాలి. కోడ్ రివ్యూల్లో నాకు పదే పదే తగిలేది ఇది: ఒక ఫంక్షన్ బఫర్ లేని చానెల్ (తీసుకునేవాళ్లు వచ్చేదాకా పంపేవైపు ఆగిపోయేది) చేసి, గోరొటీన్‌లో డేటాబేస్ క్వెరీ నడిపి, ఇవతల సెలెక్ట్‌లో (చానెళ్లలో ఏది సిద్ధమైతే దాన్ని తీసుకునే స్టేట్‌మెంట్‌లో) 2 సెకన్ల టైమౌట్ పెడుతుంది. టైమౌట్ కాగానే ఫంక్షన్ వెళ్లిపోతుంది. ఆ తర్వాత క్వెరీ పూర్తయి, ఫలితాన్ని చానెల్‌లోకి పంపబోతే తీసుకునేవాళ్లుండరు, ఇక ఆ గోరొటీన్ అక్కడే నిలిచిపోతుంది, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ కూడా దాన్ని ముట్టుకోదు, అలా ఒక్కొక్కటే పేరుకుపోయి మెమరీ గ్రాఫ్ మెల్లగా పైకి పాకుతుంది. ఆ చానెల్‌కి బఫర్ 1 ఇస్తే, అంటే ఒక విలువ పట్టే చోటు ఇస్తే సరిపోతుంది! క్వెరీకి కాంటెక్స్ట్ (టైమౌట్, రద్దు కబురు మోసేది) కూడా అందిస్తే ఇంకా మంచిది, క్వెరీయే మధ్యలో ఆగుతుంది.

డెడ్‌లాక్ (ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఇరుక్కుపోవడం) అయితే రన్‌టైమే చెబుతుందిగా అంటారు కొందరు. అన్ని గోరొటీన్లూ ఇరుక్కుంటేనే చెబుతుంది. నెట్‌వర్క్ కోసం ఎదురుచూసేవి ఎప్పుడూ ఉండే వెబ్ సర్వర్‌లో ఆ మెసేజ్ మీద ఆశ పెట్టుకోవద్దు, గో ప్రొఫైలింగ్ టూల్ పీప్రాఫ్‌లో గోరొటీన్ల లెక్క చూడటమే దారి.

మూసిన చానెల్ నుంచి చదివితే, మిగిలిన విలువలు అయిపోయాక ఆగకుండా జీరో విలువ వస్తూనే ఉంటుంది. దానిలోకి పంపితే పానిక్ (పట్టుకోకపోతే ప్రోగ్రామ్‌ని కూల్చే ఎర్రర్), రెండోసారి మూసినా పానిక్. అందుకే పంపేవైపే మూయాలని నేను గట్టిగా పట్టుబడతాను. నిల్ చానెల్ (ఇంకా ఏ చానెలూ ఇవ్వని వేరియబుల్) మాత్రం ఎప్పటికీ సిద్ధం కాదు. చూడటానికి వింతే కానీ నాకు చాలా ఇష్టమైన గుణం, ఎందుకంటే రెండు చానెళ్లను ఒకే సెలెక్ట్‌లో చదువుతున్నప్పుడు ఒకటి మూతపడితే ఆ వేరియబుల్‌కి నిల్ ఇచ్చేస్తే చాలు, ఆ కేస్ ఇక అడ్డురాదు.

గోరొటీన్‌లో వచ్చిన పానిక్‌ని దాన్ని మొదలుపెట్టిన ఫంక్షన్‌లోని రికవర్ (పానిక్‌ని ఆపే ఫంక్షన్) పట్టుకోలేదు, ప్రోగ్రామ్ మొత్తం కూలిపోతుంది. ఇది నాకు ఇప్పటికీ నచ్చదు. ఉత్త కౌంటర్ కోసం చానెల్ వాడటమూ నచ్చదు, అక్కడ ఒకసారికి ఒక్కదాన్నే రానిచ్చే తాళం, మ్యూటెక్సే హాయి.

లూప్‌లో మొదలుపెట్టిన గోరొటీన్లన్నీ ఒకే వేరియబుల్‌ని పంచుకునే పాత గొడవ 2024 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.22తో తీరింది. అయితే పాత ప్రాజెక్టుల్లో గో.మాడ్ ఫైల్ చూసుకోండి, కంపైలర్ ఎంత కొత్తదైనా ఆ ఫైల్‌లో వెర్షన్ 1.22 కంటే తక్కువుంటే పాత పద్ధతే నడుస్తుంది.