అమెరికా మూలవాసుల చరిత్ర: మూడింటిలో మొదట ఏది చదవాలి?

నన్ను ఈమధ్య ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డారు, తాము ఏటా కొన్ని నెలలు అక్కడ ఉండి వస్తున్నారు. ఆ నేల అసలు మనుషుల గురించి గట్టి పుస్తకం ఒకటి చదవాలని ఉంది, దేనితో మొదలుపెట్టాలి? కొలంబస్, మెక్సికోను జయించిన కోర్టెజ్, మేఫ్లవర్ ఓడ కథలు వీళ్లకు తెలుసు. ఒడ్డున నిలబడి ఆ ఓడల్ని చూసినవాళ్ల కథ కావాలి.

నేను వాళ్ల ముందు పెట్టేవి మూడు: కమిల్లా టౌన్‌సెండ్ ‘ఫిఫ్త్ సన్’ (2019, మెక్సికోలోని అజ్టెక్‌ల గురించి), నెడ్ బ్లాక్‌హాక్ ‘ద రీడిస్కవరీ ఆఫ్ అమెరికా’ (2023), కాథ్లీన్ డువాల్ ‘నేటివ్ నేషన్స్’ (2024). బహుమతులు చూసి ఎంచుకుందామంటే కుదరదు. టౌన్‌సెండ్‌కూ డువాల్‌కూ కండిల్ చరిత్ర బహుమతి వచ్చింది, డువాల్‌కు 2025లో పులిట్జర్ కూడా వచ్చింది, బ్లాక్‌హాక్‌కు 2023 నేషనల్ బుక్ అవార్డు వచ్చింది.

బ్లాక్‌హాక్ వెస్టర్న్ షోషోనీ మనిషి, యేల్‌లో ఆచార్యుడు. మూలవాసుల కథ అమెరికా చరిత్రలో పక్కన అతికించిన అధ్యాయం కాదని, రాజ్యాంగం నుంచి కోర్టుల దాకా అన్నిటినీ అదే మలిచిందని ఆయన వాదన. 1832లో సుప్రీంకోర్టు చెరోకీ జాతివాళ్ల నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని తీర్పు చెప్పింది. అయినా ఆరేడేళ్లకే వాళ్లను పడమటికి తరిమేశారు, దారిలో వేలమంది చనిపోయారు. 1879లో కార్లైల్‌లో బడి పెట్టి మూలవాసుల పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, ఇంటి భాష మాట్లాడనివ్వలేదు. ఆ నేల వాళ్లందరికీ ఆ దేశ పౌరసత్వం చట్టప్రకారం దక్కింది 1924లో! అక్కడే ఉంటున్నవాళ్లు, ముఖ్యంగా అక్కడ చదువుకుంటున్న పిల్లలు తప్పక చదవాలి. కానీ అమెరికా అధ్యక్షులు, చట్టాలు, కోర్టులు ముందే కొంత తెలిసి ఉండాలి. లేకపోతే వంద పేజీలకే అలసట వస్తుంది.

డువాల్ పుస్తకం వెయ్యేళ్ల కిందటి నగరాలతో మొదలవుతుంది. సెయింట్ లూయిస్‌లో మనవాళ్లు ఉంటే మిసిసిపీ నది దాటి కహోకియా మట్టిదిబ్బల దగ్గరికి వెళ్లి రండి. పెద్ద దిబ్బ దాదాపు 30 మీటర్ల ఎత్తు, మెట్లెక్కి పైదాకా పోవచ్చు. ఒకప్పుడు అక్కడ వేలమంది బతికిన నగరం ఉండేది. వాతావరణం మారి పంటలు దెబ్బతిన్న కాలంలో జనం అలాంటి నగరాలు విడిచి, పెత్తనం ఒకరి చేతిలో పోగుపడకుండా, అందరూ కూర్చుని తేల్చుకునే చిన్న సమాజాలు కట్టుకున్నారని డువాల్ చెబుతుంది. తరవాత వచ్చిన ఐరోపావాళ్లు నగరాలు కనబడక వీళ్లకు ఏమీ తెలియదనుకున్నారు. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది. ఇబ్బంది ఒక్కటే. మోహాక్‌లతో పరిచయం కుదిరేలోపు కథ క్వాపాల దగ్గరికి, అక్కణ్ణుంచి కయోవాల దగ్గరికి, ఇలా ఒక జాతి నుంచి ఇంకో జాతికి వెళ్లిపోతుంది.

నా మటుకు నాకు తేల్చే విషయం వేరే: రాసినవాళ్లు ఎవరి మాట విని రాశారు? అక్కడికొచ్చేసరికి ‘ఫిఫ్త్ సన్’ ముందుంటుంది.

మనకు కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్ర రాతలు, తెలుసు. కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర సేకరించి మెకంజీ దొరకు అందించినవి. ఎంత విలువైనవైనా అవి దొర అడిగితే చెప్పిన జవాబులు. మెక్సికోలో జరిగింది ఇంకోలా ఉంది. క్రైస్తవ పాఠాల కోసం పాదిరీలు నేర్పిన రోమన్ అక్షరాలను నహువా కుర్రాళ్లు (అజ్టెక్‌లు ఈ జనంలోవాళ్లే) ఇంటికి తీసుకెళ్లి, పెద్దలు నోటితో చెప్పే ‘ఏళ్ల లెక్క’లను సొంత భాష నహువాట్ల్‌లో రాసుకున్నారు. దొరల కోసం కాదు, తమ మనవల కోసం. 1600ల మొదట్లో చిమల్పాహిన్ అనే ఆయన మెక్సికో నగరంలో ఒక చిన్న చర్చి చూసుకుంటూ అలాంటివి పేజీలకు పేజీలు రాశాడు. టౌన్‌సెండ్ అజ్టెక్‌ల కథంతా ఈ రాతల మీద నిలబెట్టింది. ఒకే సంఘటన వాటిలో రెండు మూడుసార్లు వస్తుంది. సభలో ఒక్కో పేట మనిషి లేచి తమ వైపు కథ చెప్పేవాడు కాబట్టి అలా ఉంటుంది.

భాష తెలిస్తే ఏం మారుతుందో ఒక్క పేరులో చూడండి. 1519లో స్పానిష్‌వాళ్లకు కానుకగా ఇచ్చిన ఇరవైమంది బానిస స్త్రీలలో ఒకామెకు వాళ్లు మరీనా అని పేరు పెట్టారు. నహువాట్ల్‌లో ‘ర’ లేదు, అందుకని జనం నోట మలీనా అయింది. ఆమె కోర్టెజ్‌కు దుబాసీ, ఆమె మాటే కోర్టెజ్ మాట కాబట్టి గౌరవంగా ‘త్సిన్’ చేర్చి మలింత్సిన్ అన్నారు. మన ‘గారు’ లాంటిది అది. స్పానిష్ చెవికి మలించే అని వినబడింది. తరవాతి కాలం ద్రోహి అని తిట్టిన పేరులో నిజానికి ఒక ‘గారు’ ఉంది! ఇది తెలిసిన రోజు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కోర్టెజ్‌ను దేవుడనుకుని అజ్టెక్ రాజు మొక్తెజుమా లొంగిపోయాడన్న కథనూ టౌన్‌సెండ్ ఒప్పుకోదు. కోర్టెజ్ తన రాజుకు రాసిన ఉత్తరాల్లోనే ఆ మాట లేదు, ఇరవై ముప్పై ఏళ్ల తరవాతి రాతల్లో పెరిగింది.

లోపాలున్నాయి. ప్రతి అధ్యాయం ఊహించి రాసిన చిన్న దృశ్యంతో మొదలవుతుంది, అది కొందరికి నచ్చదు. పెరూ వైపు ఇంకాలు, ఉత్తరాది జాతులు ఇందులో ఉండరు.

ఇంకో రెండున్నాయి. పెక్కా హమలైనెన్ ‘ఇండిజినస్ కాంటినెంట్’ (2022) యుద్ధాలు, బలాబలాలు ఇష్టమైనవాళ్లకు బాగుంటుంది. కరోలిన్ డాడ్స్ పెనాక్ ‘ఆన్ సావేజ్ షోర్స్’ (2023) ఐరోపాకు వెళ్లిన మూలవాసుల గురించి. రెండూ తరవాత చదువుకోవచ్చు.

‘ఫిఫ్త్ సన్’ తెచ్చుకున్నవాళ్లు చివర ఉన్న అనుబంధం ముందు చదవండి. చరిత్రకారులు అజ్టెక్‌లను ఎలా అధ్యయనం చేస్తారో అందులో ఉంది. వాళ్ల భాష నహువాట్ల్‌ను నేటికీ మెక్సికోలో 16 లక్షలమందికి పైగా మాట్లాడుతున్నారు. మనం రోజూ అనే టమాటా వాళ్ల మాటే.