ఒకే ఇన్సులిన్, రెండు సీసాలు: మడత నిలిచినదీ, చెదిరినదీ

విశాఖపట్నంలో మే నెల ఎండలో, బీచ్ రోడ్డు పక్కన నిలిపిన స్కూటర్ డిక్కీలో రోజంతా ఉండిపోయిన మానవ ఇన్సులిన్ సీసానూ, ఇంట్లో ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచిన సీసానూ పోల్చి చూస్తే, రెండింటిలోనూ అవే 51 అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌ను కట్టే చిన్న అణువులు) అదే వరుసలో, రెండు గొలుసులుగా ఉంటాయి. తేడా రావడమంటూ జరిగితే, ముఖ్యంగా ఆ గొలుసులు మడతపడిన తీరులోనే వస్తుంది.

చల్లగా ఉంచిన సీసాలో ఆరేసి అణువులు జింకును ఆధారం చేసుకుని గుంపుగా ఉంటాయి. చర్మం కిందికి చేరాక విడివడి, రక్తంలో కలిసి, కణం మీద ఇన్సులిన్‌ను అందుకునే ప్రోటీన్‌కి, అంటే గ్రాహకానికి, ఒక్కొక్కటిగా అతుక్కుంటాయి. ఆ గ్రాహకానికి కావలసింది సరైన ఆకారం.

వేడికీ కుదుపుకీ గురైన సీసాలో మడత సడలుతుంది. లోపల ఒదిగి ఉండవలసిన, నీటికి దూరంగా ఉండే భాగాలు బయటపడి, అణువులు ఒకదానికొకటి అంటుకుంటూ సన్నని పోగులవుతాయి. పోగులో చిక్కిన ఇన్సులిన్ గ్రాహకానికి అందదు కనుక, మోతాదు సరిగానే తీసుకున్నా చక్కెర తగినంత తగ్గదు. సీసాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పోగులు విడిపోవు. గడ్డకట్టినదీ పనికిరాదు.

తేటగా ఉండవలసిన ద్రవం మసకబారితే పారవేయాలి. అయితే కొన్ని రకాలు సహజంగానే తెల్లగా ఉంటాయి. పైగా కంటికి మార్పు కనిపించకుండానే శక్తి తగ్గవచ్చు. అందుకే ఎండ తగిలిన సీసాను, ఎంత ఖరీదైనదైనా, వాడకపోవడమే సరైనదని నా అభిప్రాయం.