మిరామార్ తీరంలో 113 కిలోమీటర్లు, ఒక గిన్నెడు పేజ్

పోటీకి ముందు రోజు ఎవరైనా కాళ్లకు విశ్రాంతి ఇస్తారు. నేను మాత్రం 2024 అక్టోబరు 26, శనివారం నాడు పణజీ ఎండలో ఒక చేత్తో సైకిలు నడిపించుకుంటూ, వీపున సంచి మోసుకుంటూ గది కోసం తిరిగాను. మాకు ఆ గతి పట్టించిన లాడ్జి మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ పూట మమ్మల్ని లోపలికి రమ్మన్న పెద్దావిడను తలుచుకోని రోజూ లేదు. గోవా ఐరన్‌మ్యాన్ 70.3కు వెళ్లాలనుకునే మనవాళ్లకు ఈ రెండూ తెలియాలని రాస్తున్నాను.

సముద్రంలో 1.9 కి.మీ. ఈత, ఆ వెంటనే 90 కి.మీ. సైకిలు, దిగీదిగగానే 21.1 కి.మీ. పరుగు. మొత్తం 113 కి.మీ., మైళ్లలో 70.3, పేరు అలా వచ్చింది. ఈతకు గంటా 10 నిమిషాలే గడువు. సైకిలు దిగేసరికి మొదటి నుంచి ఐదున్నర గంటలు, పరుగు ముగిసేసరికి ఎనిమిదిన్నర గంటలు దాటకూడదు. నాకు 44 ఏళ్లు. ఇంత పెద్ద పోటీ ఇదే మొదటిది. గచ్చిబౌలి వైపు ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల నీడలో 23 కి.మీ. సైకిల్ ట్రాక్ ఉంది కదా, పది నెలల ఆదివారాలు అక్కడే గడిచాయి.

సికింద్రాబాద్ నుంచి వాస్కోడగామాకు ఆ నెలలోనే కొత్త రైలు మొదలైంది. బుధ, శుక్రవారాల్లో బయలుదేరుతుంది. శుక్రవారం రైలెక్కితే శనివారం ఉదయానికి గాని చేరరు, పోటీకి వెళ్లేవారు బుధవారం రైలే ఎక్కండి. చక్రాలు విప్పి, పాత దుప్పట్లు చుట్టి, సైకిలును సంచిలో పెట్టి బెర్తుల మధ్య నిలబెట్టాం. ప్రయాణం హాయిగా సాగింది. మడగావ్ స్టేషన్ నుంచి పణజీకి టాక్సీ రూ.1,800, బేరం కుదరలేదు.

ఇక లాడ్జి. పోటీ జరిగే మిరామార్ తీరానికి దగ్గరని, ఐదు రాత్రులకు రూ.21,000 మొత్తం ముందే కట్టాను. సైకిలు గదిలో పెట్టుకోవచ్చా అని ఆగస్టులోనే ఫోనులో అడిగితే, నిరభ్యంతరంగా పెట్టుకోండి అన్నారు. తీరా గురువారం దిగాక మేనేజరు గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. గోడలు మాసిపోతాయట. వెనక కార్ల షెడ్డులో పెట్టుకోమన్నాడు, దానికి రోజుకు రూ.300 అదనం. ఫోనులో మాట్లాడిన మనిషి ఇప్పుడు పనిలో లేడన్నాడు. ప్రయాణ అలసటకు మా ఆవిడ సొమ్మసిల్లినట్లుంది, గొడవ పెంచలేక ఒప్పుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

శుక్రవారం ఉదయం వెళ్లి చూస్తే సైకిలు నేను పెట్టిన చోట లేదు. ఎవరో స్కూటరు కోసం దాన్ని ఈడ్చి, దాని కుడివైపు గోడకు ఆనేలా నిలబెట్టారు. ఆ వైపే గేర్లు మార్చే డీరెయిలర్ ఉంటుంది. దాన్ని చట్రానికి బిగించే వేలెడంత అల్యూమినియం ముక్క లోపలికి వంగింది. పెడలు తిప్పి చూస్తే, గొలుసు పెద్ద పళ్లచక్రం మీదికి వచ్చినప్పుడు డీరెయిలర్ చక్రపు పుల్లలకు తగిలి టిక్ టిక్ మంటోంది. అది చూడకుండా ఎత్తు ఎక్కుతూ గేరు మార్చి ఉంటే డీరెయిలర్ పుల్లల్లో ఇరుక్కుని చక్రమే ముక్కలయ్యేది. మేనేజరును అడిగితే, వంచింది మావాళ్లేనని రుజువేమిటన్నాడు. పోటీ ప్రాంగణంలో ఒక మెకానిక్ గంటసేపు కూర్చుని దాన్ని సరిచేశాడు. రూ.1,200 తీసుకున్నాడు, ప్రతి రూపాయికీ తగిన పని చేశాడు.

ఆ రాత్రి ఒంటిగంట దాకా కింద పాటలు. ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు కాసిని వేడినీళ్లు, ఏదైనా ఫలహారం దొరుకుతాయా అంటే వంటగది ఎనిమిదింటికి గాని తెరవం అన్నారు. అప్పటిదాకా ఓర్చుకున్న మా ఆవిడ శనివారం పొద్దున పెట్టెలు సర్దేసింది. "డబ్బు పోతే పోయింది. ఇక్కడే ఉంటే మీ పది నెలల కష్టం పోతుంది, పదండి" అంది. మిగిలిన మూడు రాత్రుల రూ.12,600 తిరిగి ఇవ్వలేదు. మా బావమరిది గోవా అంటే సరదాగా తిరగొచ్చని వచ్చినవాడు, రెండు రోజులుగా నా సైకిలు చుట్టూ తిరగడమే సరిపోయింది. ముఖం ముడుచుకుని వెనకే నడిచాడు.

ఫోంటైన్హాస్ అని పణజీలో పోర్చుగీసు కాలపు పేట ఒకటి ఉంది. పసుపు, నీలం గోడలు, ఇరుకు సందులు. అక్కడ ఒక ఇంటి ముందు నీడకు నిలబడితే లోపలి నుంచి డెబ్బై ఏళ్ల పెద్దావిడ వచ్చి, సైకిలును ఎండలో పెట్టవద్దు, టైర్లు పాడవుతాయి అంది. మొదటి మాటే అది! పైన ఒక గది అద్దెకిస్తుందట. ముగ్గురికీ కలిపి రాత్రికి రూ.2,200. సైకిలును తన హాల్లో, బల్ల పక్కన పెట్టించి, పిల్లి ఎక్కకుండా పైన పాత చీర కప్పింది. రేపు ఏం తిని వెళతావని అడిగింది. అరటిపండు, బ్రెడ్డు అన్నాను. తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయింది.

సైకిలును ఆ మధ్యాహ్నమే పోటీవారికి అప్పగించి వచ్చాం. ఎండకు గాలి ఒత్తిడి పెరిగి ట్యూబు పేలవచ్చు, కాబట్టి టైర్లలో గాలి కొంత తగ్గించి వదలండి.

మర్నాడు మూడింటికి నేను కిందికి దిగేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. మూత పెట్టి తువ్వాలు చుట్టిన గిన్నె నా ముందు పెట్టింది. పేజ్, అంటే ఉప్పుడు బియ్యం మెత్తగా, జారుగా ఉడికించిన గంజన్నం. మెతుకు ఎర్రగా, లావుగా ఉంది. పక్కన ఉప్పులో ఊరిన మామిడి ముక్క. చిన్నప్పుడు జ్వరం తగ్గిన పూట మా నాయనమ్మ పెట్టిన గంజి, ఊరగాయ గుర్తొచ్చి ఒక్క క్షణం మాట రాలేదు. రెండు గిన్నెలు తిన్నాను. పోటీలో శక్తి కోసమని రూ.150 చొప్పున కొన్న తీపి జెల్ పొట్లాలు ఎనిమిదింటిలో ఆరు సంచిలోనే ఉండిపోయాయి. ఈ తిండికి ఆవిడ ఒక్క పైసా తీసుకోలేదు.

మిరామార్ దగ్గర మాండవి నది సముద్రంలో కలుస్తుంది. అందుకే నీళ్లు మడ్డిగా ఉంటాయి, చాచిన చెయ్యి మనకే కనిపించదు. నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి కనుక ఒంటిని తేల్చే రబ్బరు సూటుకు అనుమతి లేదు. ఈతకొలనులో అడుగున నల్ల గీత చూసుకుంటూ నేర్చుకున్నవారికి ఇది పూర్తిగా వేరే లోకం. మొదటి బోయా, అంటే నీళ్ల మీద తేలే దారి గుర్తు, దాని మలుపులో ఎవరిదో మడమ నా కళ్లద్దాలకు తగిలి ఎడమ కంట్లోకి ఉప్పునీరు చేరింది. ఆగి, వెల్లకిలా తిరిగి, నీళ్లు వంపేసి, మళ్లీ మొదలుపెట్టాను. ఆరు బారలకోసారి తల ఎత్తి బోయా చూసుకోవడం వచ్చాకే ఈ పోటీకి పేరు ఇవ్వండి. 58 నిమిషాల్లో ఒడ్డుకు వచ్చాను.

సైకిలు 3 గంటల 51 నిమిషాలు. ముందున్న సైకిలుకు 12 మీటర్ల దూరం పాటించాలి. గాలికి చాటుగా వెనక నక్కితే జరిమానా ఉంటుంది. బాంబోలిం వైపు ఎత్తులు ఎక్కుతున్నప్పుడు గేరు మార్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాను. ఆ మెకానిక్ చెయ్యి చల్లగా ఉండాలి, ఒక్కసారీ గొలుసు జారలేదు.

పరుగు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. అక్టోబరు చివర అయినా తేమ వల్ల చెమట ఆరదు. పది కి.మీ. దాటాక నడక, పరుగు, మళ్లీ నడక. దోనా పౌలా వైపు ఒక మలుపులో మా బావమరిది నిలబడి ఉన్నాడు. చేతిలో కోకం అనే పుల్లటి పండు షర్బత్ సీసా, చల్లగా, పైన నీటి బొట్లు జారుతున్నాయి. "బావా, తీసుకో!" అని పరుగెత్తుకొచ్చాడు. బయటివారి చేతి నుంచి ఏదైనా అందుకుంటే పోటీ నుంచి తొలగించే నిబంధన ఉంది. వద్దని చెయ్యి ఊపి ముందుకు సాగాను. వాడి ముఖం వాడిపోయింది. కారణం చెప్పే ఓపిక కూడా నాకు లేదు. తర్వాతి చుట్టులో చూస్తే ఎవరో వాడికి నిబంధన చెప్పినట్లున్నారు, సీసా కింద పెట్టి చప్పట్లు కొడుతున్నాడు, గొంతు బొంగురు పోయేలా నా పేరు అరుస్తున్నాడు. మిగిలిన దూరం నేను నడవలేదు.

8 గంటల 11 నిమిషాలు. అదే రోజు బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వీ సూర్య 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లలో ముగించారు. ఆ సమయం చూశాకే గడువు ఎంత దగ్గర వ్యవహారమో మా బావమరిదికి అర్థమైంది.

గురువారం రైలు దాకా ఆ ఇంట్లోనే ఉన్నాం. దివార్ దీవికి పడవ మీద వెళ్లి వచ్చాం, నడిచి ఎక్కేవారికి టికెట్టు లేదు. పొద్దున్నే పోదేర్, అంటే అక్కడి రొట్టెలవాడు, సైకిలు మీద హారను మోగిస్తూ రొట్టెలు తెచ్చేవాడు. బయలుదేరే రోజు పెద్దావిడ మా ఆవిడ చేతిలో ఎండు కోకం పొట్లం పెట్టి, పేజ్ వండే తీరు రెండుసార్లు చెప్పింది.

లాడ్జీవాళ్లు మాత్రం నా ఫోను ఎత్తడం మానేశారు. హైదరాబాదు చేరగానే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేశాను. గదిలో సైకిలు పెట్టుకోవచ్చన్న మాట ఫోనులో కాక రాతలో తీసుకుని ఉంటే నా పని సులువయ్యేది, మీరు తప్పక అలా తీసుకోండి. రూ.6,300 వెనక్కి వచ్చింది. మిగతా రూ.6,300 కోసం ఇంకా రాస్తూనే ఉన్నాను.