అంగిలి మీద పుండు, విశాఖ నుంచి సలహా: డాక్టర్ల కోసం నడిచే ఒక ఆన్‌లైన్ క్యాన్సర్ సేవపై సమీక్ష

చిన్న పట్టణాల్లో ప్రాక్టీసు చేసే డాక్టర్లు తమ రోగి విషయంలో స్పెషలిస్టును సంప్రదించడానికి విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రి ఆన్‌లైన్ సేవ నడుపుతోంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో చెవి, ముక్కు, గొంతు వైద్యునిగా పనిచేస్తున్న నేను కొంతకాలంగా దీన్ని వాడుతున్నాను. ఇలాంటి సేవలు ఇప్పుడు చాలా ఆసుపత్రులు ఇస్తున్నందున, ఏది ఎంచుకున్నా తోటి వైద్యులు ఏమేమి చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం కాబట్టి ఆసుపత్రి పేరు రాయడం లేదు. రోగిని గుర్తుపట్టగల వివరాలు కూడా తీసేశాను.

మా ప్రాంతంలో ఈ అవసరం ఎక్కువ. శ్రీకాకుళం నుంచి విశాఖ వరకు తీరం వెంబడి ఊళ్ళలో పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం, అంటే చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని తాగడం, కొత్త సంగతి కాదు. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, ఆయన సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళు పరీక్షించి ఫలితాలను 1971లోనే ప్రచురించారు. మిగతా చోట్ల పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలా నాలుక అంచునా కనిపిస్తే, నిప్పు వేడి నేరుగా తగలడం వల్ల ఇక్కడ గట్టి అంగిలి మీద కూడా కనిపిస్తుంది. అడ్డపొగ తాగేవారి అంగిలి చాలావరకు ముందే తెల్లబారి, మచ్చలు పడి ఉంటుంది కాబట్టి, ఏ మచ్చ పాతదో ఏది కణితిగా మారుతోందో టార్చి లైటు వెలుగులో తేల్చడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే.

ఈ సమీక్షకు ఆధారమైన కేసు అలాంటిదే. అరవై దాటిన ఒక మహిళకు గట్టి అంగిలి, మెత్తటి అంగిలి కలిసే చోట ఒక పక్కగా పుండు పడింది. నా దగ్గరికి వచ్చేసరికే మరోచోట తీసిన బయాప్సీ (పుండు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు ఆమె చేతిలో ఉంది. ముక్క చాలా చిన్నదనీ, స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే పై పొర కణాల క్యాన్సర్, అనుమానం ఉందనీ అందులో రాశారు. అనుమానం అన్న ఒక్క మాట మీద అంగిలి ఎముక తీసేసే ఆపరేషన్‌కు ఎవరినీ పంపలేము. అలాగని ఊరుకోనూ లేము.

సేవ తీరు ఇలా ఉంటుంది. రోగి సమ్మతి తీసుకుని, పేరు లేకుండా వయసు, అలవాట్లు, ఫోటోలు, రిపోర్టులు ఎక్కించి, అడగదలచుకున్న ప్రశ్నను ఒక గడిలో రాయాలి. స్పెషలిస్టు అవన్నీ చూశాక వీడియోలో మాట్లాడి, తర్వాత లిఖితపూర్వక అభిప్రాయం పంపుతారు. ఫోటోలు ఎక్కించే భాగం సంతృప్తికరంగా లేదు. నోటి అద్దం ఆవిరి పట్టకుండా గోరువెచ్చని నీళ్ళలో ముంచి, కట్టుడు పళ్ళు తీయించి, ఒకరు నాలుకను కిందికి నొక్కి పట్టుకుంటే మరొకరు తీసిన ఫోటోను ఆ యాప్ కుదించేయడంతో పుండు అంచూ, చుట్టూ ఉన్న తెల్లటి పొరా కలిసిపోయి కనిపించాయి. చివరకు స్పెషలిస్టు అడిగితే అసలు ఫోటోలను ఈమెయిల్‌లో పంపాల్సి వచ్చింది. క్యాన్సర్ కోసమే పెట్టిన సేవలో ఈ లోపం ఇన్నాళ్ళు ఉండకూడదు.

మాట్లాడిన తల, మెడ సర్జన్ మాత్రం ఈ సేవకు ప్రాణం. ఆమె ముందుగా తన అభిప్రాయం చెప్పలేదు, ప్రశ్నలు వేశారు. "సార్, పుండు అంచు వేలికి గట్టిగా తగులుతోందా? అడుగు భాగం ఎముకకు అతుక్కున్నట్టుందా? ముందు వాపు వచ్చి తర్వాత పగిలిందా, మొదటి నుంచీ పుండేనా?" అని అడిగి, చివరి ప్రశ్న రోగినే అడగమన్నారు. కెమెరా పంపలేని సమాచారాన్ని నా వేలి నుంచి రాబట్టుకోవడం ఆమెకు తెలుసు. ఆ తర్వాతే మూడు అవకాశాలు వరుసగా చెప్పారు: అడ్డపొగ నేపథ్యం వల్ల మొదటిది కార్సినోమా, ఆ చోటులో ఎక్కువగా పుట్టేవి కాబట్టి రెండవది చిన్న లాలాజల గ్రంథుల కణితులు, మూడవది నెక్రోటైజింగ్ సియలోమెటాప్లేసియా. మధుమేహం గురించి కూడా ఆరా తీశారు. 2021లో ఎక్కువగా మధుమేహం ఉన్నవారికి వచ్చిన బ్లాక్ ఫంగస్ కేసులు చూసినవారెవరూ అంగిలి మీద పుండు చూసి ఆ ప్రశ్న వదలరు.

ఆ మూడవ అవకాశం ప్రస్తావనకు రావడం ఒక్కటే ఈ సేవకు చెల్లించిన రుసుముకు న్యాయం చేసింది. 1973లో మొదటిసారి వర్ణించిన ఈ జబ్బులో, రక్తప్రసరణ తగ్గి లాలాజల గ్రంథి కొంత చచ్చి అచ్చం క్యాన్సర్‌లాంటి పుండు పడుతుంది, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. చిన్న ముక్కలో సూక్ష్మదర్శిని కింద కూడా అది కార్సినోమాలాగే కనిపించవచ్చు, దాన్ని పొరబడి పెద్ద ఆపరేషన్లు చేసిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. తేడా తెలియాలంటే గ్రంథి తమ్మెల (లోపలి చిన్న భాగాల) అమరిక చెక్కుచెదరకుండా ఉందో లేదో కనబడేంత లోతైన ముక్క కావాలి. అందుకని పాత బ్లాకు (మొదటి బయాప్సీ ముక్కను మైనంలో నిలవ చేసిన దిమ్మ), స్లైడులు కొరియర్‌లో తెప్పించుకుని కణజాలం పరీక్షించే తమ పాథాలజిస్టుకు చూపిస్తామనీ, ఈలోగా పుండు నడిమధ్య చచ్చిన భాగం కాకుండా, అంచు నుంచి పక్కనున్న మామూలు కణజాలం కొంత కలిసేలా లోతుగా మరో బయాప్సీ తీసి ఫార్మలిన్‌లో పంపమనీ చెప్పారు.

సంప్రదింపు ఒకవైపే సాగకపోవడం నాకు బాగా నచ్చింది. ఎముక కరిగిందేమో తెలియడానికి కాంట్రాస్ట్‌తో, అంటే నరంలోకి మందు ఎక్కించి, సీటీ చేయించమని ఆమె మొదట సూచించారు. ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష) చూడకుండా మేము ఎవరికీ కాంట్రాస్ట్ ఎక్కించబోమని చెప్పాను. కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలిసిన ప్రాంతం ఇది. రోగికి పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎక్కువగానే వచ్చింది. ఎముక వరకైతే కాంట్రాస్ట్ లేని సన్నని సెక్షన్ల సీటీ సరిపోతుందనీ, మెడలోని లింఫు గ్రంథులకు అల్ట్రాసౌండ్ చేయించి అనుమానం ఉన్న చోట సూదితో కణాలు తీసి చూద్దామనీ ఆమె వెంటనే ప్రణాళిక మార్చారు. ఈ మార్పును రికార్డులో కూడా నా పేరుతోనే రాశారు.

లిఖితపూర్వక అభిప్రాయం మాత్రం మరెవరో రాసినట్టుంది. వీడియోలో అంత స్పష్టంగా మాట్లాడిన డాక్టరు పేరు మీద వచ్చిన ఆ కాగితంలో సగానికి పైగా ఆసుపత్రి తనను తాను కాపాడుకునే వాక్యాలే ఉన్నాయి. లోతుగా బయాప్సీ ఎందుకు తీయాలో అన్న కారణం ఎక్కడా లేదు. రేపు ఆ కాగితం చూసే మరో వైద్యునికి కావలసింది ఆ కారణమే.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. నివేదిక రాకముందే ఆసుపత్రి కోఆర్డినేటర్ ఒకరు రోగి కుమారుడికి ఫోన్ చేసి, మంచం ఖాళీ ఉంది, ఎప్పుడు వస్తారని అడిగారు. సమ్మతి పత్రం కోసం ఇచ్చిన నంబరును ఇలా వాడుకున్నారు. క్యాన్సర్ అని తేలిందేమోనని ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, ఒక డాక్టరు మరో డాక్టరు సలహా అడిగినప్పుడు రోగికి చికిత్స చేసే వైద్యుడూ, బాధ్యుడూ అడిగిన డాక్టరే. ఆ లెక్కన రోగికి ఏ మాట, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో నిర్ణయించవలసింది నేను. సర్జన్‌కు చెబితే ఆమె నొచ్చుకున్నారు. ఈ ఫోన్ల సంగతి ఆమెకు తెలియదు. రోగిని పంపినందుకు నాకు రిఫరల్ సొమ్ము ఇస్తామని ఎవరూ అనలేదని కూడా చెప్పాలి, ఎందుకంటే అలాంటి సొమ్ము తీసుకోవడం 2002 వైద్య నీతి నిబంధనలకు విరుద్ధమని తెలిసి కూడా అడిగేవారు, ఇచ్చేవారు ఉన్నారు.

రెండో బయాప్సీలో కార్సినోమా అని తేలింది, సీటీలో ఎముక కరగలేదు. కుటుంబం అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని ఎంచుకుంది. ఈ సేవ నడిపే ఆసుపత్రి అందుకు అభ్యంతరం చెప్పకుండా స్లైడులు, బ్లాకు తిరిగి ఇచ్చేసింది. అడిగిన మరునాడే ఇచ్చింది కాబట్టి ఈ మంచి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రుసుము విషయానికొస్తే, తోడుగా వచ్చే మనిషి కూలి పోవడంతో సహా విశాఖకు ఒకసారి వెళ్ళివచ్చే ఖర్చు కంటే తక్కువే. ఐదుకు మూడున్నర ఇస్తాను: సర్జన్‌కు, పాథాలజిస్టుకు పూర్తి మార్కులు, యాప్‌కు సగం, కోఆర్డినేటర్ విభాగానికి ఏమీ లేదు. వాడదలచుకున్న తోటి వైద్యులు సమ్మతి పత్రంలో రోగి నంబరు అడిగిన చోట తమ క్లినిక్ నంబరు రాయండి. ప్రశ్న గడిలో "అభిప్రాయం చెప్పండి" అని వదిలేయకుండా, మీ సందేహం ఏ రెండు జబ్బుల మధ్య ఉందో రాయండి. క్రియాటినిన్ ముందే జతచేయండి.